కాటా ఎక్కితేనే ఫ్యాను

బాలశౌరి తూకం వెయ్యనిదే ఎవరికీ ఏదీ ఇవ్వడు. విజయవాడ ఆటోనగర్‌లో పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఆయనది. ప్రొపెల్లర్ కావాలని ఎవరు వెళ్లినా మొదటి మాట ఒకటే.

"ముందు కాటా ఎక్కండి."

రైస్ మిల్లులో బస్తాలు తూచే పాత కాటా అది. "మీరొక్కరే చాలరండీ, పడవెక్కే వాళ్లందర్నీ తీసుకురండి" అంటాడు. ప్రొపెల్లర్‌ను ఆయన ముద్దుగా ఫ్యాను అంటాడు. మనుషుల బరువు తెలియకుండా ఫ్యాను బిగించడం, కాళ్లు చూడకుండా చెప్పులు కుట్టడమేనట.

నేను కొల్లేటి దోనె మొదలు గోవా స్పీడు బోటు దాకా ఎక్కినవాణ్ణి. బీరువా నిండా ఉన్న సముద్రయానాల పుస్తకాలు చదివాను. కొలంబస్ తన నావికుల్ని తూచినట్టు ఎక్కడా రాసి లేదు. ఆ మాటే అన్నాను.

"అందుకేనండీ, ఇండియాకి బయల్దేరి ఇంకెక్కడో తేలాడు" అన్నాడు బాలశౌరి.

ఒకసారి కాటా ఎక్కితే ఇక మన పేరు పోయినట్టే. నన్ను ఏలూరు రోడ్డు మీద నలుగురిలో "ఏవండీ డెబ్భై రెండుగారూ" అని పిలుస్తాడు. కంకిపాడులో ఓ పెళ్లికి తీసుకెళితే, అక్షింతలు వేస్తూ వధూవరుల్ని ఎగాదిగా చూసి నా చెవిలో, "ఇద్దరూ కలిపి నూట ఇరవై ఆరు. పందొమ్మిది పిచ్ ఫ్యాను హాయిగా లాగుద్ది. పిల్లలు పుట్టాక మార్చాలి" అన్నాడు. ఆయన మాత్రం ఎంత బక్కవాడంటే, గాలి వీస్తే చొక్కా కదులుతుంది గాని అందులో మనిషి ఉన్నాడో లేడో చెప్పలేం.

మొన్న వానలు వెనకబట్టాక, కృష్ణ నిండుగా ఉన్న రోజుల్లో, కంకిపాడు సంజీవరావు దగ్గర్నుంచి ఫోను. ట్రాక్టర్ల వ్యాపారం ఆయనది. భార్య రామతులసికి అరవయ్యేళ్లు నిండుతున్నాయి. నీళ్ల మీద ఒక్కసారైనా రివ్వున ఎగిరిపోవాలని ఆమెకు ఏనాటి నుంచో కోరిక. అందుకని గోవాలో ఎవరో కుర్రాడు ఒంటరిగా షికార్లు కొట్టిన బోటు కొన్నాడు. అక్కడ ఇద్దరెక్కి చూస్తే బాణంలా దూసుకుపోయిందట.

కానీ మనవాళ్లు కొత్త బండికైనా కొత్త పడవకైనా పూజ చేసి, ఇద్దరే ఎక్కి ఊరుకుంటారా? ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కొబ్బరికాయ కొట్టి భార్య, కూతురు సింధూరి, అల్లుడు జయంత్, పులిహోర గిన్నె, అన్నీ ఎక్కించాడు. ఇంజను అరిచింది. ముక్కు పైకి లేచింది, వెనక భాగం నీళ్లలో కూరుకుపోయింది. బురదలోంచి లేవలేని గేదెలా పడవ అక్కడే మూలుగుతోంది.

"అమ్మ దిగితే లేస్తుందేమో నాన్నా" అంది సింధూరి నవ్వుతూ.

రామతులసి నవ్వుతూనే దిగింది. ఘోరం ఏమిటంటే, ఆమె దిగాక పడవ నిజంగానే లేచింది.

అప్పట్నుంచి ఆమెది ఒకటే మాట. "మీరు తిరిగి రండి, నేను గట్టున పులిహోర చూసుకుంటా." ఇదంతా చెప్పి సంజీవరావు అన్నాడు: "గురువుగారూ, ఆవిడ ఎక్కని పడవ నాకెందుకండీ? ఆదివారం పుట్టినరోజు. అప్పటికి ఎక్కకపోతే అమ్మేస్తా."

ఆదివారం పొద్దున్నే బాలశౌరిని వెంటబెట్టుకుని ఫెర్రీకి వెళ్లాను. వెనక ట్రాలీ ఆటోలో, పెళ్లికొడుకులా, కాటా.

ఆయన ముందు పాత ఫ్యాను చూసి, వేలితో అంచు మీటి, నవ్వాడు. "పందొమ్మిది పిచ్. అంటే ఒక్క చుట్టుకి పందొమ్మిది అంగుళాలు ముందుకి తోసుకుపోవాలండీ. ఒంటరి కుర్రాడికి సరే. సంసారానికి పెడితే, లోడు లారీని దుర్గ గుడి ఘాట్ రోడ్డు మీద టాప్ గేర్లో ఎక్కించినట్టు. ఈ ఇంజను నిమిషానికి ఐదువేల చుట్ల పైన తిరగాలి. మీరు నొక్కి పట్టినా నాలుగువేల మూడొందలు దాటుండదు."

"దాటలేదండీ" అన్నాడు జయంత్ ఆశ్చర్యంగా.

"తప్పు ఫ్యానుది. పదండి, కాటా."

సంజీవరావు ఎనభై నాలుగు. జయంత్ డెబ్భై ఏడు. పులిహోర గిన్నె ఆరు. రామతులసి కదల్లేదు.

"నేను ఎక్కను బాలశౌరిగారూ. పడవా ఎక్కను, కాటా ఎక్కను."

"మీకోసం కాదమ్మా, ఫ్యాను కోసం. దానికి కళ్లు లేవు పాపం."

ఆమె ఊపిరి బిగబట్టి ఎక్కింది. బాలశౌరి కాటాకీ మాకూ అడ్డంగా నిలబడి ముల్లు చూసి, గట్టిగా చదివాడు. "అరవై ఎనిమిది."

అందరం మొహాలు చూసుకున్నాం. సింధూరి నోరు తెరిచింది.

"నువ్వు అరవై ఒకటి తల్లీ. నోరు తెరిస్తే అరవై రెండవుద్ది" అన్నాడాయన. సింధూరి నోరు మూసింది.

తర్వాత తనే కాటా ఎక్కి, పుస్తకంలో ఏదో గీకి, కూడి, సంచిలోంచి నాలుగు రెక్కల పదమూడు పిచ్ ఫ్యాను తీశాడు. "పై వేగం కాస్త తగ్గుద్ది. కానీ ఎవర్నీ గట్టున వదిలెయ్యదు."

అరగంటలో బిగించాడు. రామతులసి ఒక కాలు పడవలో పెట్టి, ఒకటి గట్టున ఉంచి, "లేవకపోతే?" అంది.

"లేవకపోతే నేను దిగుతానమ్మా."

అందరం ఎక్కాక సంజీవరావు హ్యాండిల్ ముందుకు తోశాడు. ముక్కు లేచింది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టానో లేదో, పడవ అడుగున ఏదో తాడు తెగినట్టు, మొత్తం నీళ్ల మీదికి వచ్చేసింది. మీటరు ఐదువేల మూడొందలు. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు వెనక్కి పరుగెత్తుతున్నాయి. రామతులసి మొగుణ్ణి పక్కకు జరిపి స్టీరింగు పట్టుకుంది. కొంగు జెండాలా ఎగురుతోంది. "ఇంకా తొయ్యండి, ఇంకా" అంటోంది. నాకు చేతులు చాలక సీటునూ జయంత్‌నూ పట్టుకున్నాను.

గట్టుకి వచ్చాక, పడవలో పడి ఉన్న పుస్తకం తీసిచ్చేందుకు వంగాను. తెరిచి ఉన్న పేజీలో మా అందరి అంకెలూ ఆయన చదివినట్టే ఉన్నాయి. కింద చివరి వరుసలో ఉంది: బాలశౌరి, డెబ్భై ఎనిమిది.

రాళ్లు మింగినా ఈ మనిషి నలభై ఎనిమిది దాటడు. పేజీలు వెనక్కి తిప్పాను. ఒక పడవలో బాలశౌరి తొంభై ఒకటి. ఇంకో పడవలో నూట నాలుగు.

"ఇదేంటయ్యా?" అన్నాను గొంతు తగ్గించి.

"ఫ్యానుకి టోటలు కరెక్టయితే చాలండీ" అన్నాడు నేల చూస్తూ. "ఎవరి కిలోలు ఎవరివో దానికెందుకు?"

నా భుజం మీదుగా పుస్తకంలోకి తొంగిచూస్తున్న రామతులసిని మేమిద్దరం అప్పుడే గమనించాం. ఆమె పులిహోర గిన్నె తెరిచి, బాలశౌరి విస్తట్లో నాలుగు గరిటెలు వరసగా వేసింది.

"చాలమ్మా, అంత తినలేను."

"తినాలి బాలశౌరిగారూ" అంది ఐదో గరిటె వేస్తూ. "నావి ముప్పై కిలోలు మోస్తున్నారు. ఒంట్లో కాస్త సత్తువ ఉండొద్దూ?"