నాలిక కెమెరా సన్యాసిరావు గారు

మా ఆయన సన్యాసిరావు గారు మొన్న మాఘమాసంలో, తెల్లవారి టీ గ్లాసు ఇంకా సగం ఉండగానే, మనందరినీ విడిచి వెళ్లిపోయారు. కిటికీ దగ్గర కూర్చుని కెమెరా ముందు తలుపు తెరిచి, తడిగుడ్డతో దాని రోలర్లు తుడుస్తున్నారు. "నరసమ్మా, ఎండ వచ్చిందేమో సూడు" అన్నారు. నేను వాకిట్లోకి వెళ్లి చూసి వచ్చేసరికి గుడ్డ చేతిలోనే ఉంది, మనిషి లేడు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. చెప్పాడు సరే, నా మనసుకి మాత్రం ఆ మాట ఇంకా చేరలేదు. పొద్దున్న లేచి రెండు గ్లాసుల నీళ్లు పొయ్యి మీద పెడుతూనే ఉన్నాను.

నాకు సంతకం వరకే అక్షరాలు వచ్చు. నేను చెబుతుంటే మన తెలుగు సంఘం పంతులమ్మ గారు రాసి పెడుతున్నారు. ఇందులో మంచి మాటలన్నీ ఆవిడవి, మోటు మాటలు నావి.

పెద్దకర్మ అయిన మర్నాడు మా ఆడపడుచు రవణమ్మ వదిన నా పక్కన చాప మీద కూర్చుంది. "నరసమ్మా, ఒక మాట సెప్తాను, మనసులో ఎట్టుకోకు. ఇకమీదట పెళ్లిల్లలో, పేరంటాల్లో ఫోటోలు తీసినప్పుడు నువ్వు కాస్త పక్కకుండాల. మనం ఊరుకున్నా లోకం ఊరుకోదు" అంది. వదిన చెడ్డ మనిషి కాదు. తమ్ముడు పోయాడని నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఆమె చెప్పింది మన ఇళ్లల్లో అందరూ పాటించేదే. కానీ అలా పక్కకి తప్పుకునే ఆడవాళ్లని చెయ్యి పట్టుకుని ఫోటోలోకి లాక్కొచ్చిన మనిషి మా ఆయన. ఆయన పోయాక ఆయన భార్యే ఫోటో బయట నిలబడాలా? ఈ ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను నిద్రపోనివ్వలేదు. దాని సంగతి చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి.

బిలాస్‌పూర్ యార్డులో ఆయన ఉద్యోగం చక్రాలు చూడడం. ఆగిన బండి పక్కన నడుస్తూ ఒక్కో చక్రాన్నీ సుత్తితో కొట్టి చెవి పెట్టి వినాలి. మంచి చక్రం గంటలా మోగుతుంది. పగులున్న చక్రం చచ్చు చప్పుడు చేస్తుంది. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. కుండ కొన్నా కొట్టి వినేవారు, కొబ్బరికాయ కొన్నా కొట్టి వినేవారు. ఒకసారి మా అమ్మాయి పెళ్లిచూపులకి వచ్చిన అబ్బాయి వీపు మీద ఆప్యాయంగా తట్టారు. వాళ్లు వెళ్లాక "ఎలా మోగాడు?" అని అడిగాను. "బాగానే మోగాడు, ఇచ్చీయొచ్చు" అన్నారు. ఆ అల్లుడే ఇప్పుడు కోర్బాలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు.

కెమెరా ఆయన కొన్నది కాదు. క్వార్టర్ ఖాళీ చేసి వెళ్లిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు, "ఇది చచ్చిపోయింది రావ్, పిల్లలకి ఆడుకోడానికి ఇయ్యి" అని ఆయన చేతిలో పెట్టాడు. మడిస్తే పెద్ద పుస్తకమంత, పైన తోలు, విప్పితే గూడులా లేచి నిలబడుతుంది. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ వేసే చోటు కోసం ఆయన దాన్ని అన్ని పక్కలా తిప్పారు. షెడ్డులో ఉన్నవాళ్లందరూ తిప్పారు. ఎక్కడా లేదు. అప్పట్లో కలకత్తాలో దొరికే ఫిల్ము డబ్బా ఒకటి తెలిసినవాళ్ల చేత తెప్పించి లోపలికి తోయగానే అది గుర్రుమని నల్ల అట్ట ఒకటి బయటికి కక్కింది. బ్యాటరీ ఆ ఫిల్ము డబ్బాలోనే ఉందట. ఆ సాయంత్రం ఆయన సంతోషం చూడాలి. "అచ్ఛా, ఇదీ సంగతి. దీనికి ప్రాణం ఒంట్లో నేదు నరసమ్మా, తిండిలో ఉంది" అన్నారు.

మీట నొక్కగానే ఫోటో ముందు నుంచి నాలికలా బయటికి వచ్చేది. మన వీధి పిల్లలు "తాతా, జీబ్ నికాలో" అని, నాలిక బయటపెట్టించమని వెంటపడేవారు. అలా అది నాలిక కెమెరా అయింది, ఆయన నాలిక కెమెరా సన్యాసిరావు అయ్యారు.

దానికి వచ్చిన ప్రతి జబ్బునీ ఆయన పట్టుకున్నారు. షెడ్డులో విశ్వకర్మ పూజ నాడు సుత్తులకి, పానాలకి పసుపు రాసి బొట్టు పెడతారు కదా. ఆయన కెమెరాని కూడా వాటి సరసన కూర్చోబెట్టారు. అదీ పనిముట్టే, దానికి మాత్రం ఎందుకు తక్కువ చెయ్యాలని దాని ముందు తలుపు తెరిచి, ఫోటోని నొక్కి బయటికి తోసే రోలర్లకి కూడా స్వహస్తాలతో పసుపు రాశారు. మర్నాటి నుంచి తీసిన ప్రతి ఫోటోలోనూ మచ్చలే. పెళ్లికొడుకు నుదుట ఒక మచ్చ, మెడ మీద ఒకటి, పొట్ట మీద ఒకటి. ఆ ఫోటో తెచ్చుకుని రెండు పూటలు దానికేసి చూశారు. మూడో పూట నవ్వారు. "చక్రానికి ఒక చోట అరుగుదలుంటే పట్టా మీద టక్కు టక్కుమని ఒకే ఎడంలో కొడతాది. ఈ మచ్చలు కూడా ఒకే ఎడంలో ఉన్నాయి. జబ్బు ఫిల్ముది కాదు, చక్రానిది" అని రోలర్లు విప్పి పసుపు కడిగారు. ఆ తరవాత ప్రతి ఏడూ విశ్వకర్మ పూజకి కెమెరాకి దణ్ణం మాత్రమే. బొట్టు లేదు.

మన ఊరి ఎండలు మీకు తెలియనివి కావు. వైశాఖంలో తీస్తే మనుషులందరూ నారింజపళ్లలా వచ్చేవారు. పుష్యంలో తీస్తే నీళ్లలో మునిగి తేలినట్టు నీలంగా వచ్చేవారు. అందుకని వేసవిలో ఫోటో బయటికి రాగానే నీళ్లకుండకి చుట్టిన తడిగుడ్డ దగ్గర బోర్లా పెట్టేవారు. చలికాలంలో ఎవరో ఒకరి చంకలో పెట్టేవారు. కర్గీ రోడ్‌లో ఒక పెళ్లిలో వియ్యంకుడి గారి చంకలో పెట్టి, "కదలకండి బావగారూ, మీరు బొమ్మని పొదుగుతున్నారు" అన్నారు. పాపం ఆయన భోజనాల బంతిలో కూడా ఒక్క చేత్తోనే తిన్నాడు, తీయమని చెప్పడం మా ఆయన మరిచిపోయారు. ఫిల్ము డబ్బాలు ఫ్రిజ్‌లో ఉండేవి. ఇడ్లీపిండి గిన్నెకి చోటు లేకపోయినా వాటికి ఉండేది. మధ్యలో ఆ ఫిల్ము తయారీ ఆగిపోయి కొన్నేళ్లు కెమెరా ట్రంకుపెట్టెలో పడుకుంది. అప్పుడు కూడా నెలకోసారి బయటికి తీసి, విప్పి, మడిచి, మళ్లీ పెట్టేవారు. తరవాత ఏదో దేశంలో మళ్లీ చేస్తున్నారని తెలిసి మా అమ్మాయి ఫోన్‌లో తెప్పించి పంపేది.

ఇక అసలు సంగతి. మా పక్కింటి కామేశ్వరరావు గారి పెద్దమ్మాయి పెళ్లిలో అందరూ ఫోటోకి నిలబడ్డారు. కామేశ్వరరావు గారి తల్లి గవరమ్మ పిన్ని, ఆ పిల్లని ఒడిలో పెట్టుకుని పెంచిన మనిషి, మొగుడు లేనిదాన్నని వంటవాళ్ల దగ్గరకి వెళ్లి నిలబడింది. మా ఆయన కెమెరా ఎత్తారు, దించారు. మళ్లీ ఎత్తారు, దించారు.

"కామేశం, మీట పడ్డం నేదు."

తలుపు తెరిచారు, రోలర్లు తుడిచారు, ఊదారు, మూశారు. పట్టుబట్టల్లో అందరికీ చెమటలు కారుతున్నాయి. దూరం నుంచి గవరమ్మ పిన్ని, "ఏటయిందిరా సన్నాసీ, దానికి?" అని అడిగింది.

"మనిసి తక్కువయ్యారత్తా. బరువు సాలకపోతే ఇది నడవదు."

"నా బరువెంతరా, ఎండుకర్రని."

"అదే సాలు, రా."

ఆమె వచ్చి చివర నిలబడితే, "చివర్న కాదు, నడుమకి" అని నడిపించి పెళ్లికూతురి పక్కన నిలబెట్టారు. మీట చక్కగా పడింది.

ఇంటికొచ్చాక అడిగాను, పెద్దవాళ్ల దగ్గర ఆ అబద్ధం ఎందుకని. ఆయన అన్న మాట నాకు చివరిదాకా గుర్తుంటుంది. "ధర్మం సెప్తే దెబ్బలాడతారు నరసమ్మా. మిషను పాడయిందంటే ఎవరైనా సర్దుకుంటారు." ఇంకో మాట కూడా చెప్పారు. వాళ్ల అమ్మకి, అంటే మా అత్తగారికి, చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆవిడకి ఫోటో ఒక్కటీ లేదు. రవణమ్మ వదిన పెళ్లి ఫోటోలో తలుపు సందులోంచి ఆవిడ చెయ్యి మాత్రం కనిపిస్తుంది, గాజుల్లేని చెయ్యి.

అప్పటి నుంచి మన ఇళ్లల్లో ఒక నమ్మకం పుట్టింది, భర్త పోయిన పెద్దామె ఒకరైనా ఉంటేనే ఈ కెమెరా పని చేస్తుందని. సర్కండాలో ఒక బారసాలలో ఫిల్ము అయిపోయి కెమెరా నిజంగానే మొరాయించింది. ఆయన ఇంకో డబ్బా కోసం సంచీ వెతుక్కుంటుంటే, ఇంటివాళ్లు పరుగున వెళ్లి వీధి చివర కూరగాయలమ్ముకునే ఛత్తీస్‌గఢీ ముసలమ్మని తీసుకొచ్చారు. ఆవిడ "మోర్ ఫోటూ? కాబర్?" అని అడుగుతూనే ఉంది, నా ఫోటో ఎందుకని. ఈలోగా ఆయన డబ్బా మార్చారు, కెమెరా పలికింది. ఇక ఆ నమ్మకానికి తిరుగు లేకుండా పోయింది. ఇప్పటికీ ఆ ఇంటి గోడ మీద ఆ పసివాడి పక్కన ఆ కూరగాయలావిడ ఉంది.

ఇంత చేసిన మనిషి వెళ్లిపోయాడు. ఈ వైశాఖంలో కామేశ్వరరావు గారి రెండో అమ్మాయి పూజ పెళ్లి. కామేశ్వరరావు శుభలేఖ తెచ్చి, "అప్పా, బావ ఇంక నేడు కదా, ఫోటో నువ్వే తీయాల" అన్నాడు. అక్కలాంటిదాన్నని గౌరవంగానే పిలిచాడు. వదిన పక్కనుంచి, "అదే మంచిది. గౌరవానికి గౌరవమూ దక్కుతాది, పద్ధతికి పద్ధతీ నిలబడతాది" అంది. నాకు అర్థమైంది. తీసేవాళ్లు ఫోటోలో ఉండరు కదా. ఎవరినీ నొప్పించకుండా నన్ను బయట నిలబెట్టే ఉపాయం అది. అయినా కెమెరా సంచీలో పెట్టుకుని వెళ్లాను.

మధ్యాహ్నం పందిరి పక్కన అందరూ వరసగా నిలబడ్డారు. గవరమ్మ పిన్ని ఎవరూ పిలవకుండానే నడుమకి వచ్చింది. నేను కెమెరా విప్పి కంటికి పెట్టుకున్నాను. ఆయన చెయ్యి పడి పడి తోలు నున్నబడిన చోట నా బొటనవేలు పడింది.

"అత్తా, నువ్ భీ ఆవో నా" అని వరసలోకి పిలిచింది పూజ.

"తీయడం ఇంకెవరికొచ్చమ్మా?" అన్నాడు కామేశ్వరరావు.

"నరసమ్మ నేకపోతే అదెలా నడుస్తాదిరా?" అంది గవరమ్మ పిన్ని.

"నువ్వున్నావు కదమ్మా. ఒకళ్లు సాలు."

"నాను బరువు తగ్గిపోనాను. నా ఒక్కదానికీ నడవదు."

అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. ఆయన పోయాక నాకు నవ్వొచ్చింది అప్పుడే. అంతలో వరసలోంచి రవణమ్మ వదిన బయటికి వచ్చింది. ముఖం గంటు పెట్టుకుని ఉంది. నన్ను ఏదో అంటుందనుకున్నాను. నా చేతిలోంచి కెమెరా తీసుకుంది.

"ఎక్కడ నొక్కాల?"

"ఆ ఎర్ర బొత్తం, వదినా."

"నువ్వెల్లు."

నేను వెళ్లి వరసకి ఆఖరున, సగం పందిరి గుంజ వెనక నిలబడ్డాను. వదిన ఒక కన్ను మూసి కెమెరాలోంచి చూసింది. చాలాసేపు చూసింది, మీట నొక్కలేదు. తరవాత కెమెరా దించకుండానే అంది.

"నరసమ్మా, నోపలికి రా. నాకు నువ్వు అగుపడ్డం నేదు."

ఒక అడుగు జరిగాను.

"ఇంకా."

గవరమ్మ పిన్ని నా చెయ్యి పట్టుకుని నడుమకి లాగింది. అప్పుడు వదిన నొక్కింది. ఫోటో బయటికి రాగానే నేను పరుగున వెళ్లి దాన్ని కొంగు కింద దాచి, నీళ్లకుండ తడిగుడ్డ దగ్గర బోర్లా పెట్టాను. అందరం చుట్టూ చేరి ఆగాం.

ఒక్కొక్కరే తేలి వచ్చారు. పూజ వచ్చింది, గవరమ్మ పిన్ని వచ్చింది, బొట్టు లేని ముఖంతో నేనూ వచ్చాను. కొంచెం నారింజరంగు పడింది, ఎండ కదా. కానీ కుడి పక్కన పైనుంచి కిందికి ఒక తెల్లని చార ఉంది. ఇన్నేళ్లలో నేను చూసిన మచ్చల్లో అలాంటిది లేదు. లోపలికి ఎండ చొరబడిందో, రోలరు వంగిందో, ఫిల్ముదే లోపమో నాకు తెలియదు. షెడ్డులో ఆయనతో పని చేసినవాళ్లకి చూపించాను, వాళ్లకీ తెలియదు. మా అమ్మాయి ఫోన్‌లో ఎవరెవరినో అడిగింది, వాళ్లూ చెప్పలేకపోయారు. మనలో ఆయన చేత ఫోటో తీయించుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆయన లేని లోటు తీర్చగలవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మహానుభావుడి పాదాలకి నా నమస్కారం.

ఆ మధ్యాహ్నం చార చూడగానే నేను ఫోటో పట్టుకుని వెనక్కి తిరిగాను, ఇదేమిటండీ అని అడగడానికి. నోటిదాకా మాట వచ్చింది. వెనక రవణమ్మ వదిన ఉంది. ఆమె కూడా వెనక్కి తిరిగి చూస్తోంది.