ఎత్తు ఎక్కని బండి

మా వ్యానుకు ఏదో రోగముందని అందరూ ఒప్పుకున్నారు. ఆ రోగం నేనేనని మా ఆయన ఒక్కడే తేల్చాడు.

ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్లను బడంగ్‌పేట్‌లో, పహాడీ షరీఫ్‌లో ఎక్కించుకుని డ్యూటీకి దింపడం, డ్యూటీ అయ్యాక ఇళ్లకు చేర్చడం మా బతుకుతెరువు. ఏళ్ల తరబడి ఆ బండి ఆయనే నడిపాడు. మోకాలు చెడి క్లచ్చి తొక్కలేని పరిస్థితి వచ్చాక నేను లైసెన్సు తీసుకుని స్టీరింగ్ పట్టాను. పొయ్యి దగ్గరకంటే నాకు అక్కడే బాగుంది. ఆ మాట ఇంట్లో పైకి అనలేదు గానీ, పొద్దున్నే తాళంచెవి అందుకునేటప్పుడు నా మొహం చూస్తే ఎవరికైనా తెలిసిపోయేది.

దసరా వెళ్లిన కొద్ది రోజులకు గొడవ మొదలైంది. బండి నిండా జనం ఉండి, ఎత్తు వచ్చిందంటే చాలు, డాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మ వెలిగేది. అంతే, బండిలో సత్తువ పోయేది. ఎంత తొక్కినా ఎడ్లబండి నడకే. వెనక లారీల హారన్లు. పక్కకు ఆపి, ఇంజన్ ఆర్పి మళ్లీ స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు కదిలేది. ఆలస్యమైతే సూపర్‌వైజర్‌తో మాటలు పడేది ఆడవాళ్లు. అయినా నా మీద ఒక్కరూ నోరు చేసుకోలేదు. నాకు అందుకే ఇంకా సిగ్గేసేది.

సాయంత్రం మా ఆయన మోకాలి నొప్పిని ఓర్చుకుని ఖాళీ బండిని కాలనీ చుట్టూ ఒక రౌండు తిప్పేవాడు. లైటు వెలిగేది కాదు.

“నా చేతిల మంచిగనే నడుస్తున్నది గదా. నీకు గేరు ఎప్పుడు మార్చాల్నో తెల్వది,” అనేవాడు.

“ఖాళీ బండి ఎవలైన నడుపుతరు,” అనేదాన్ని. నాకు ఒళ్లు మండేది.

శంషాబాద్‌లో మేమెప్పుడూ చూపించే మెకానిక్ భాయ్ స్కానర్ పెట్టి చూశాడు. ఇంజన్‌లోకి గాలిని టర్బో బలంగా తోస్తుంది. ఆ గాలి ఒత్తిడి ఎంతుందో చెప్పడానికి ఒక సెన్సర్ ఉంటుంది. దాని కబురు మధ్యలో తెగిపోతోందని స్కానర్ చెప్పింది. కబురు అందకపోతే ఇంజన్ జాగ్రత్తపడి తన బలాన్ని తనే తగ్గించుకుంటుందట. భాయ్ కొత్త సెన్సర్ వేశాడు. మర్నాడు అదే ఎత్తు, అదే లైటు. గాలి పైపులన్నీ తడిమి చూశాడు. ఎక్కడా చిల్లు లేదు.

“కొత్త సెన్సర్ గలత్ గాదక్కా. వేరే ఏదో ఉన్నది. పరేషాన్ గాకు, జర టైమియ్యి,” అన్నాడు.

మా ఆయనకు అంత ఓపిక లేదు. మా గల్లీలో ప్రతివాడూ టర్బోనే పోయిందని చెప్పడం, ఈయన నమ్మడం. కందుకూరులో ఒకాయన బండి కొంటానన్నాడు. ఆదివారం వచ్చి తోలుకుపోతానని కూడా చెప్పేశాడు.

“ఇచ్చేద్దాం. ఇగ ఇంట్ల కూసుందాం ఇద్దరం,” అన్నాడు మా ఆయన.

ఇద్దరం అట. మోకాలు ఆయనది, కూర్చోవాల్సింది నేనూనా? ఈ బండి పోతే మరో బండి కొనం, నాకు మళ్లీ స్టీరింగ్ దొరకదు. ఏడుపొచ్చింది. దాన్ని మింగి నేరుగా భాయ్ షెడ్డుకు పోయాను.

“భాయ్, నువ్వు ఖాళీ బండి చూస్తున్నవ్. దీని రోగం మంది ఎక్కినంకనే బయటవడ్తది. ఇయ్యాల మా ఆడోళ్లను ఇంటికి తోలేటప్పుడు నువ్వు గూడ రా.”

భాయ్ స్కానర్ సంచీలో పెట్టుకున్నాడు. నా డ్రైవింగ్ తప్పు కళ్లారా చూడాలని మా ఆయన కూడా బయలుదేరాడు. ముందు సీటు భాయ్‌కి ఇచ్చాను. పొద్దుటి డ్యూటీ దిగిన ఆడవాళ్ల మధ్య, టిఫిన్ సంచులు ఒళ్లో పెట్టుకుని ఆయన వెనక ఇరుక్కున్నాడు.

పహాడీ షరీఫ్ దగ్గరి ఎత్తులో లైటు వెలిగింది. బండి నీరసపడింది. జీవితంలో మొదటిసారి ఆ లైటు చూసి సంతోషించాను.

భాయ్ బండి పక్కకు ఆపించి బానెట్ ఎత్తాడు. నలుగురు దిగి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. అక్కడ రాళ్లకేం కొదవ. భాయ్ ఒక పక్కగా నిలబడి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి గేరులో కొంచెం క్లచ్చి వదలమన్నాడు. వదిలాను. బరువు లాగబోయిన ఇంజన్ ఉన్నచోటే ఒక పక్కకు ఒరిగింది.

“బస్ అక్కా, ఆపు. దొరికింది.”

దిగి చూశాను. పసుపు దారం. దసరాకు బండి కడిగి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించినప్పుడు మా ఆయన ఇంజన్‌కు కంకణం కట్టాడు. కట్టినవాడు ఒక కొస బాడీకి బిగించి ఉన్న పైపుకు, ఒక కొస ఇంజన్ మీది సెన్సర్ వైరుకు చుట్టి ముడివేశాడు. బండి ఖాళీగా ఉన్నంతసేపూ ఆ దారం వదులుగానే ఉంటుంది. బరువు మీద ఇంజన్ ఒరిగితే, ఆవు మెడ తిప్పినప్పుడు పలుపు బిగిసినట్టు బిగిసి, వైరు కొసన సెన్సర్‌లో దూర్చిన ప్లగ్గును రవ్వంత బయటికి గుంజుతుంది.

“ఇన్ని సార్లు చూస్తివి, ఇది తీసెయ్యకపోతివా భాయ్?” అన్నాను.

“మీ పూజ దారం అక్కా. నేనెట్ల ముట్టుకుంట? సెన్సర్ మార్చినప్పుడు గూడ జర పక్కకు జరిపి పని చేసిన.”

ఆ మర్యాదకు కోప్పడాలో నవ్వాలో తెలియలేదు. మా ఆడవాళ్లలో పెద్దావిడ, “కట్టినోళ్లే ఇప్పాలె,” అంది. అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా దిగాడు. భాయ్ కటింగ్ ప్లయర్ ఇవ్వబోతే వద్దని, ఎండి గట్టిపడిన ముడిని గోళ్లతో విప్పుతూ నిలబడ్డాడు.

“ఇంజన్‌కు ఎందుకు గట్టినవయ్యా? ఏ యేడన్న గట్టినమా?” అని గట్టిగానే అడిగాను.

ఆయన తలెత్తలేదు. “నువ్వు నడుపుతున్నవని గట్టిన,” అన్నాడు.

ఇన్ని రోజులూ నేను తిట్టుకున్న మనిషి, నేను రోడ్డెక్కితే ఏమవుతుందోనని ఎవరికీ చెప్పకుండా భయపడుతున్నాడు. చెప్పడం చేతకాక దారం కట్టాడు. నాకు ఆయన మీద జాలి, ప్రేమ రెండూ ఒక్కసారే వచ్చాయి.

భాయ్ ప్లగ్గును బిగించి, కదలకుండా ప్లాస్టిక్ పట్టీ వేశాడు. రాళ్లు తీశారు, అందరూ ఎక్కారు. ఎత్తు మీద బండి గుంజుకుపోయింది. లైటు రాలేదు. స్కానర్ చూస్తూ భాయ్ తల ఊపాడు. వెనక ఆడవాళ్లు పండక్కి బయల్దేరినట్టు మాట్లాడుకుంటున్నారు.

మా ఆయన ఫోను మోగింది. కందుకూరు ఆయన. నేను అద్దంలో చూస్తున్నాను.

“లేదన్నా, అమ్ముతలేం,” అన్నాడు మా ఆయన. అవతలి మనిషి చాలాసేపు ఏదో అడిగాడు. ఈయన విని, గొంతు సవరించుకుని, బండిలో అందరికీ వినబడేలా చెప్పాడు.

“బండికేం గాలేదు. మా డ్రైవరమ్మ ఇయ్యనంటున్నది.”