అందరి ముందట అడుగు

దుకాణం షట్టర్ ఎత్తేలోపు విమల రోజూ కూతురి ఎదురుగా కూర్చుని ఫోన్‌లో తెలుగు చదివేది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఒత్తుల దగ్గర ఆగుతూ చదివేది. ఎక్కడెక్కడ ఆగిందో సాయిశ్రీ నోట్‌బుక్‌లో గీత పెట్టుకునేది. పోయిన వానాకాలం జ్వరంతో సాయిశ్రీ నాలుగు రోజుల్లోనే పోయింది. ఇప్పుడు ఆ వేళకు విమల మెట్టు మీద ఊరికే కూర్చుంటుంది. భర్త కాశీనాథ్ తాళంచెవి కోసం చేయి చాపేదాకా లేవదు.

మొయినాబాద్‌లో వాళ్లది కిరాణా దుకాణం. సాయిశ్రీ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతూ ఓపెన్ సోర్స్ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు రాసిపెట్టుకుంది. ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా తెరిచి చూడగలిగే, ఎవరైనా సరిదిద్దగలిగే సాఫ్ట్‌వేర్. కొత్తవాళ్లకు జీతమిచ్చి మరీ పని నేర్పుతారు. చదువు అంతంతమాత్రం వచ్చినవాళ్లు కూడా ఫోన్‌లో తెలుగు సులువుగా చదువుకునే ఏర్పాటు చేస్తానని అందులో రాసింది. తన వెనక వచ్చే పిల్లల కోసం నాలుగు మాటలు విడిగా రాసి, తల్లికి వినిపించేది.

"మొదటి దినమే పెద్ద పని ఎత్తుకోవద్దు. చిన్న తప్పొకటి దొరకబట్టి దిద్దు. రాకపోతే రాదని రాయి, సిగ్గుపడకు. అడిగేది అందరి ముందట అడుగు, ఒక్కరి చెవుల అడగకు."

"చెవుల అడిగితేనే కద బిడ్డా పనయ్యేది? మీ బాపు సరుకు ధర అట్లనే అడుగుతడు," అని విమల నవ్వేది.

"ఈడ అట్ల కాదమ్మా. అందరి ముందట అడిగితే ఇంకో నలుగురికి పనికొస్తది. ఎవరు ఏం చేసిన్రో పేరుతోని, తారీఖుతోని ఉంటది."

పదోదినం అయిన వారానికే మరిది కొడుకు వేణుమాధవ్ చేవెళ్ల నుంచి వచ్చాడు. వాడూ ఇంజనీరింగే. "పెద్దమ్మా, చెల్లె ఫోటోలు తీసిస్త, జర దాని ల్యాప్‌టాప్ ఇయ్యి," అన్నాడు. ఇచ్చింది. ఫోటోలూ రాలేదు, ల్యాప్‌టాపూ రాలేదు.

ఫిబ్రవరిలో లడ్డూల డబ్బాతో వచ్చాడు. తన ఇంటర్న్‌షిప్ దరఖాస్తు చివరి వడపోతదాకా వెళ్లిందట. వెంట తల్లి అరుణజ్యోతి, చేవెళ్లలో తెలుగు టీచరు. "పెద్దబాపుకు చదివి చెప్పురా," అంది మురిసిపోతూ. ఇంగ్లీషులో ఉన్నదాన్ని వాడు తెలుగులో చెప్పుకుంటూ పోయాడు.

"మా అమ్మ ఐదు దాకనే చదివింది. 'క్ష' కాడ ఆగిపోతది. ఆగినప్పుడల్ల నా మొకం చూసి నవ్వుతది..."

"నేనెప్పుడు ఆగినరా? ఎమ్మే చదివిన!"

"అప్లికేషన్ల గిట్లనే రాయాలె మమ్మీ. జాలి పడతరు."

అందరూ నవ్వారు. విమల చేతిలో లడ్డూ అలాగే ఉంది. 'క్ష' దగ్గర ఆగేది తనే. ఆ మాట విన్న క్షణాన ఆమెకు ఆకలి వేసింది. బిడ్డ పోయిన తరువాత మొదటిసారి. ఆ లడ్డూ తినేసి, ఇంకో రెండు తీసుకుంది.

వెళ్లేముందు వేణుమాధవ్ వంటింట్లోకి వచ్చి చెవి దగ్గర గొంతు తగ్గించాడు. "గురువారం వీడియో కాల్ ఉన్నది పెద్దమ్మా. మా అమ్మ చదువుతుంటే చూస్తరట. మమ్మీ అయితే గడగడ చదివేస్తది. నువ్వు కూసో. అమ్మనని చెప్పు, అంతే. ఎవ్వరికీ అనకు."

"అట్లనే బిడ్డా," అంది విమల.

గురువారం దాకా ఆమె రోజూ కడుపునిండా తిన్నది. కాశీనాథ్ ఎందుకో అని చూశాడు.

గురువారం ల్యాప్‌టాప్ తెరమీద ఆరు మొహాలు. అందులో ఒకామెకు తెలుగు వచ్చు. విమల చదివింది, 'క్ష' దగ్గర ఆగింది. ఆ తెలుగు వచ్చినామె మెచ్చుకుంటూ, "మీ అబ్బాయి మంచి పని తలపెట్టాడమ్మా," అంది.

"వీడు నా కొడుకు కాదు మేడం, మా మరిది కొడుకు. నాకున్నది ఒక్కతే బిడ్డ, సాయిశ్రీ. నా గురించి రాసింది అది. అది పోయినంక వీడు ల్యాప్‌టాప్ తీస్కపోయి తన పేరు పెట్టుకున్నడు."

"నెట్ పోతున్నది," అంటూ వేణుమాధవ్ ల్యాప్‌టాప్ మూయబోయాడు. విమల ఆ మూత రెండు చేతులా పట్టుకుంది.

"అడిగేది అందరి ముందట అడగాలెనని కొత్తోళ్ల కోసం నా బిడ్డ రాసింది. అందుకే ఈడ అడుగుతున్న. దాని పేరు మీ తాన ఉన్నదా?"

తెరమీది ఆమె చాలాసేపు వెతికింది. "ఉందమ్మా. సాయిశ్రీ. ఆరు దిద్దుబాట్లు చేసింది. చివరిది జులై తొమ్మిదిన. తరువాత కనిపించలేదు. ఎక్కడున్నావని రెండుసార్లు అడిగాం."

విమల మూత మాత్రం వదల్లేదు.

మర్నాడే దరఖాస్తు కొట్టివేశామని వాడికి మెయిల్ వచ్చింది. మధ్యాహ్నం ఎండలో మరిది, అరుణజ్యోతి వచ్చారు.

"అక్కా, ఇంటి పిల్లగాడు. తెల్వక చేసిండు. దుఃఖంల నోరు జారిన అని ఒక్క మెయిల్ పెట్టరాదు?"

"నాకు చదువెక్కడిది? ఎమ్మే చదివినవు, నువ్వే రాయి. ల్యాప్‌టాప్ ఎట్ల తీస్కపోయిండో అది గుడ రాయి."

అరుణజ్యోతి కొంగుతో మెడ తుడుచుకుంటూ దగ్గింది.

"ఎండకు పడి వచ్చిన్రు. మంచినీళ్లియ్యి, విమలా," అన్నాడు కాశీనాథ్ మెల్లగా.

కుండ నిండుగా ఉంది. మూత మీద గ్లాసు బోర్లించి ఉంది. విమల కుండ పక్కనే పీట వాల్చుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.