తెలిసినంత మటుకు

బజారు వీధి చివర, చెప్పుల దుకాణానికీ జిరాక్సు షాపుకీ మధ్య ఇరుక్కుని ఉండేది ఆ క్లినిక్కు. కింద డాక్టరు గది, కట్లు కట్టే గది, మందుల గది. పైన ల్యాబు, టీకాల గది. మెట్ల కింద కాస్త చోటుంటే అందులో కుర్చీలు వేసుకుని దాన్నే స్టాఫ్ రూమనుకునేవాళ్లు. అక్కడి హెడ్ నర్సును ఎవరూ మేడమ్ అనిగానీ సిస్టర్ అనిగానీ పిలిచేవారు కాదు. అందరికీ ఆవిడ పెద్దక్క. వయసులో ఆవిడకంటే పెద్దవాడైన అంబులెన్సు డ్రైవరుకు కూడా పెద్దక్కే.

పెద్దక్క పొడగరి. ఆవిడ నడిస్తే పక్కవాళ్లు పరుగెత్తాలి. గుక్కపట్టి ఏడ్చే పసివాడికి సూది గుచ్చి, వాడు రెండో గుక్క అందుకునేలోగా దూది అద్దేసేది. ఆవిడకు చేతకానిదల్లా మెల్లగా మాట్లాడటం. కట్ల గదిలో ఒకరితో "కాలు చాపు నాన్నా" అంటే, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా కాళ్లు చాపేవారు.

ఇలాంటి మనిషికి పైవాళ్లు ఒక రహస్యం అప్పజెప్పారు.

పెద్దాఫీసులో డైరెక్టరు ఆవిణ్ణి పిలిపించి కూర్చోమన్నాడు. మనిషి మంచివాడే. ఎదుటివాళ్లకు కష్టం కలిగించే మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా గ్లాసులోని వేణ్ణీళ్లు కొంచెం కొంచెం తాగుతూ కాలయాపన చేసే అలవాటుంది. ఆ రోజు గ్లాసు సగం అయ్యాకగానీ విషయం బయటికి రాలేదు. వీళ్ల క్లినిక్కునూ వంతెన అవతలి క్లినిక్కునూ కలిపి ఒకటి చేస్తున్నారు. బస్సు డిపో పక్కన కొత్త భవనం కడుతున్నారు. ఎవరు ఎక్కడ పనిచేయాలో ఇంకా తేలలేదు.

"అంతా ఖాయమయ్యాక ఒకేసారి చెబుదాం. అప్పటిదాకా మీ మనసులోనే ఉంచుకోండి. ఊరికే కంగారుపడతారు" అన్నాడాయన.

పెద్దక్క తలూపి, బస్సెక్కి వచ్చేసింది. వచ్చేసరికి క్లినిక్కులో కంగారు ఆవిడకంటే ముందే దిగిపోయి ఉంది. డ్రైవరు నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే అతన్ని అందరూ రేడియో అంటారు. పెద్దాఫీసు కారు డ్రైవరు నుంచి అతనికి ఒక ముక్క అందింది. దానికి తోక, రెక్కలు తగిలించి వదిలేశాడు. క్లినిక్కు అమ్మేశారట. ఈ స్థలంలో బట్టల షాపు కడతారట. సగంమందిని ఇంటికి పంపుతారట.

ల్యాబులో పనిచేసే అమ్మాయి మెట్ల మీద కూర్చుని ముక్కు చీదుకుంటోంది. ఫార్మసిస్టు వేరే ఉద్యోగం కోసం అప్పుడే బావమరిదికి ఫోన్ చేశాడు. అన్నిటికంటే పెద్ద గొడవ మందుల గది కిటికీ దగ్గర. మూసేస్తున్నారని విని, చక్కెర జబ్బువాళ్లూ రక్తపోటువాళ్లూ వచ్చిపడ్డారు. "మా మాత్రలు ముందే ఇచ్చేయండమ్మా, తర్వాత మీరెక్కడుంటారో మేమెక్కడుంటామో" అని ఒకాయన కిటికీ ఊచ వదలటం లేదు.

"అక్కా, నిజమేనా?" అని ల్యాబు అమ్మాయి అడిగింది.

పెద్దక్క "పని చూసుకోండి, తర్వాత మాట్లాడదాం" అని కట్ల గదిలోకి వెళ్లిపోయింది. ఆవిడ అలా మాట దాటేయడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. దాంతో అందరూ నిజమేనని నిశ్చయించుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్దక్క పరధ్యానంగా ఉల్లిపాయలు తరుగుతుంటే, అత్తగారు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు నూలు మిల్లులో పనిచేసిన మనిషి. కోడలి మొహం చూసి కూపీ లాగి, అంతా విని, తరిగిన ముక్కల గిన్నె తన వైపు లాక్కుంది.

"మా మిల్లు మూసిన రోజు చెప్పానా నీకెప్పుడైనా?"

"మూసేశారని చెప్పారు అత్తయ్యా."

"పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని వెళ్లాం. గేటుకి తాళం. ముందురోజు సాయంత్రం కూడా సూపర్‌వైజరు నవ్వుతూ రేపు కలుద్దాం అన్నాడు. ఆయనకి తెలుసు. మిల్లు పోయినందుకు నాకు కోపం లేదమ్మాయ్, నష్టమొస్తే ఎవరైనా ఏం చేస్తారు. ఆ నవ్వు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది."

మర్నాడు ఆఫీసు తెరవగానే పెద్దక్క డైరెక్టరుకు ఫోన్ చేసింది.

"సార్, మీరు చెప్పొద్దన్నవి చెప్పను. కానీ చెప్పకూడని విషయం ఒకటి నా దగ్గరుందని మాత్రం చెప్పేస్తాను."

"దానికీ దీనికీ తేడా ఏముందమ్మా?"

"చాలా ఉంది సార్. నిన్న నేను నోరు మూసుకున్నాను, వాళ్లేమో క్లినిక్కు అమ్మేశారని ఖాయం చేసుకున్నారు. మందుల గది దగ్గర తోపులాట. మీరు అనుకున్న కంగారు ఎలాగూ వచ్చేసింది, దానికి అబద్ధాలు కూడా తోడయ్యాయి."

అవతల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆయన ఆలోచించి, రెండు క్లినిక్కులు కలుస్తున్నాయన్న మాట చెప్పుకోవచ్చన్నాడు. ఎవరికి ఏ ఉద్యోగం అన్నది తేలేదాకా దాని జోలికి పోవద్దన్నాడు. పెద్దక్క సరేనంది.

ఆ మరుసటి ఉదయం షట్టరు ఎత్తకముందే అందర్నీ రోగులు కూర్చునే హాల్లో పోగేసింది. డాక్టరు, ఫార్మసిస్టు, నర్సులు, ఊడ్చే ఆవిడ, చీటీలు రాసే ఆయన. అందరూ రోగుల బెంచీల మీదే సర్దుకుని కూర్చున్నారు. పెద్దక్క నేరుగా డ్రైవరు వైపు తిరిగింది.

"రేడియో గారూ, ముందు మీ వార్తలు కానివ్వండి."

డ్రైవరు నీళ్లు నమిలాడు. "నాకేం తెలుసక్కా, ఏదో వాళ్లూ వీళ్లూ అనుకుంటుంటే..."

"ఆ అనుకుంటున్నవే చెప్పండి. ఒక్కటీ వదలొద్దు."

అతను మొహమాటపడుతూనే మొదలుపెట్టి, నాలుగు మాటలయ్యాక ఊపందుకున్నాడు. అంతా విన్నాక పెద్దక్క ఒక్కోదానికీ జవాబు చెప్పింది. అమ్మేశారన్నది అబద్ధం. రెండూ కలవడం నిజం. బట్టల షాపు సంగతి తనకు తెలియదు, కట్టినా మనకు తగ్గింపు ఇస్తారన్న నమ్మకం లేదు. దానికి అందరూ నవ్వారు. ఎవరుంటారు, ఎవరు పోతారన్నది ఇంకా తేలలేదు, తేలాక పైవాళ్లు చెప్పమన్న రోజునే ఇదే చోట చెబుతుంది.

"తెలీదని చెప్పడానికి మీటింగెందుకక్కా?" అన్నాడు ఫార్మసిస్టు కాస్త వెటకారంగా.

"తెలీదన్న సంగతి కూడా ఒకరికి తెలిసి ఒకరికి తెలియకుండా ఉండకూడదని."

అప్పట్నుంచి రోజూ షట్టరు ఎత్తేముందు ఆ మాటలు ఉండేవి. చెప్పడానికేమీ లేని రోజున "ఇవాళ కొత్తగా ఏమీ లేదు, పనిలో పడండి" అనేది. ఆ ఒక్క ముక్కే విని జనం తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవారు. ఊచ పట్టుకున్న పెద్దాయన మళ్లీ వచ్చి అడిగితే, ఊడ్చే ఆవిడే చీపురు పక్కన పెట్టి "మూయటం లేదు బాబాయ్, డిపో పక్కకి మారుతున్నాం. మీ మాత్రలకేం ఢోకా లేదు" అని చెప్పి పంపేసింది.

అంతా సాఫీగా జరిగిపోలేదు. ఒకసారి పెద్దక్క తొందరపడింది. ల్యాబును కొత్త భవనంలో ఉంచుదామనుకుంటున్నామని ఆఫీసులో ఎవరో అంటే, పొద్దున్నే హుషారుగా "ల్యాబు మనతోనే ఉంటుంది" అని చెప్పేసింది. ల్యాబు అమ్మాయి ఆ ధైర్యంతో డిపో దగ్గర ఇల్లు అద్దెకు తీసుకుంది. కొన్నాళ్లకు పైవాళ్ల లెక్క మారింది. పరీక్షలన్నీ ఊరవతల పెద్ద ల్యాబులోనే చేయిస్తారట.

ఫోన్ పెట్టేసిన పెద్దక్క మర్నాటి దాకా ఆగలేదు. మెట్లెక్కి ల్యాబుకు వెళ్లి, తలుపు దగ్గరగా వేసి చెప్పింది. ఆ అమ్మాయి చేతిలో గాజు గొట్టాన్ని జాగ్రత్తగా స్టాండులో పెట్టి, అప్పుడు విరుచుకుపడింది.

"మీ మాట నమ్మి ఇల్లు మారానక్కా! ఇంకెవరన్నా పట్టించుకునేదాన్ని కాదు. మీరు చెప్పారని మారాను."

పెద్దక్క తనను సమర్థించుకోలేదు. "వాళ్లు అనుకుంటున్నాం అన్నారు. నేను ఖాయమన్నాను. తప్పు నాదే" అంది. మర్నాడు హాల్లో అందరి ముందూ అదే మాట మళ్లీ చెప్పింది. ఆ తర్వాత ఆవిడ మాట తీరే మారింది. ఇది ఖాయం, ఇది అనుకుంటున్నారు, ఇది నా ఊహ, అని దేనికది విడదీసి చెప్పేది. ల్యాబు అమ్మాయి మాత్రం చాలా రోజులు మీటింగులో వెనక బెంచీ మీద కూర్చుని గోడకేసి చూస్తూ ఉండేది. పెద్దక్క ఆ చూపును కూడా భరించింది.

ఇంతలో డైరెక్టరు మళ్లీ పిలిచాడు. ఈసారి గ్లాసు మొత్తం ఖాళీ అయింది. రెండు క్లినిక్కులకూ ఇద్దరు హెడ్ నర్సులు. కొత్తదానికి కావాల్సింది ఒక్కరు. ఇద్దరూ ఇంటర్వ్యూకు రావాలి.

"ఇది మీ సొంత విషయం. అందరికీ చెప్పాలో వద్దో మీ ఇష్టం" అన్నాడాయన.

పెద్దక్క మర్నాడు పొద్దున్నే చెప్పేసింది.  డ్రైవరు "ఈ వార్త నా దగ్గర లేదక్కా" అన్నాడు దిగులుగా. ఎవరికీ నవ్వు రాలేదు.

కొద్ది రోజులకు హాలు వెనక ఒక కొత్త మనిషి కనిపించింది. పొట్టిగా, చేతులు కట్టుకుని, పెదవులు బిగించి నిలబడి, మాటలు అయ్యేదాకా విన్నది. వంతెన అవతలి హెడ్ నర్సు ఆవిడ. తర్వాత మెట్ల కింద టీ తాగుతూ విషయం చెప్పింది.

"మావాళ్లు మీ మాటలు మీ డ్రైవరు నోట వింటున్నారండీ. నా నోట వినాలి గదా. నేను చెబితే ఒక్కరూ నమ్మటం లేదు. మీరెలా చేస్తున్నారో చూద్దామని వచ్చాను. మనిద్దరి మధ్యా పోటీ ఉందని తెలుసు. సిగ్గు పక్కనపెట్టి వచ్చాను."

పెద్దక్కకు ఆ మాట నచ్చింది. "ముందు పుకార్లు అడగండి. మనం చెప్పడం తర్వాత. వాళ్ల భయమేమిటో తెలియకుండా మనం ఎంత చెప్పినా గోడకి చెప్పినట్టే" అంది. ఆ రోజు నుంచి ఇద్దరూ పొద్దున్నే ఫోన్లో మాట కలుపుకుని, వంతెనకు ఇటూ అటూ ఒకే సంగతి చెప్పేవారు.

"ఎవరైనా పోటీదారుకి పాఠాలు చెబుతారా అక్కా?" అన్నాడు ఫార్మసిస్టు. అతను బావమరిది చూసిపెట్టిన ఉద్యోగం వద్దనుకుని ఉండిపోయాడు.

"రేపు కలిసి పనిచేయాల్సింది ఆవిడ మనుషులే కదయ్యా. వాళ్లు బెదిరిపోయి వస్తే మనకే తలనొప్పి."

హెడ్ నర్సు ఉద్యోగం వంతెన అవతలి ఆవిడకే వచ్చింది. కొత్తగా పెడుతున్న పనికి, అంటే బాలింతలనూ మంచాన పడ్డవాళ్లనూ ఇళ్లకు వెళ్లి చూసే బృందానికి, పెద్దక్కను బాధ్యురాలిగా ఉండమన్నారు. డైరెక్టరు స్వయంగా వచ్చి చెప్పాడు. పెద్దక్క నిలబడే విని, థాంక్స్ చెప్పి, చేతులు కడుక్కునే చోటుకు వెళ్లి కుళాయి తిప్పి, నీళ్లు పోతున్నా చాలాసేపు అలాగే నిలబడింది.

ఇంటికి వెళ్లేముందు భర్త కళ్లజోళ్ల దుకాణంలోకి వెళ్లి, బేరానికి వచ్చినవాళ్లు కూర్చునే స్టూలు మీద కూలబడింది. ఆయన ఎవరి జోడుకో మర బిగిస్తున్నవాడల్లా ఆపాడు.

"ఆవిడకిచ్చారు" అంది.

"ఆవిడ మంచిదేనా?"

"మంచిదే. అదే కదా నా ఏడుపు. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని."

ఆయన నవ్వలేదు. లోపల అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తెచ్చి చేతికిచ్చాడు. దాంతో ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ఈ వార్త కూడా మర్నాడు ఆవిడే చెప్పింది. గొంతు ఎక్కడా తగ్గలేదు. డ్రైవరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "మేం పైకి అర్జీ పెడతాం" అన్నాడు. "పెట్టొద్దు. ఆవిడకి నేను చెప్పినదానికంటే ఎక్కువే వచ్చు" అని పెద్దక్క ఖండితంగా చెప్పేసింది. ఆ మాట అంటున్నప్పుడే, ఇళ్లకు తిరిగే పని గురించి తాను అప్పుడే ఆలోచించడం మొదలుపెట్టిందని ఆవిడకు తెలిసింది. ఏ వీధి ముందు, ఎవరికి లేవలేని జబ్బు, ఏ మేడకు లిఫ్టు లేదు.

కొత్త భవనం తెరిచిన రోజున గదుల పేర్ల బోర్డులు ఇంకా రాలేదు. అయినా జనం తికమకపడలేదు. గేటు దగ్గర కాపలా మనిషి మొదలుకొని డాక్టరు దాకా ఎవరిని అడిగినా టీకాలెక్కడో, మందులెక్కడో, ల్యాబు నమూనాలు ఎక్కడివ్వాలో ఒకే మాట చెప్పారు. రెండు క్లినిక్కుల మనుషులూ ఒకరినొకరు ముందునుంచీ ఎరిగినవాళ్లలా కలిసిపోయారు. కొత్త హెడ్ నర్సు పొద్దున్నే హాల్లో నిలబడి మాట్లాడింది. పెద్దక్క వినేవాళ్లలో నిలబడి విన్నది. మొదట చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు, తర్వాత అలవాటైపోయింది.

ఆ వారంలోనే ఇళ్లకు తిరిగే పని మొదలైంది. ఇంటి దగ్గరే రక్తం నమూనాలు తీయడానికి ఒకరు కావాలంటే, ఊరవతల ల్యాబుకు పోవాల్సిన ల్యాబు అమ్మాయి తనంత తానే పేరిచ్చింది. మొదటి ఇల్లు నాలుగో అంతస్తులో, కాన్పయి వచ్చిన కొత్త తల్లి. మెట్ల దగ్గర ఇద్దరూ ఆగారు.

"అక్కా, ముందే చెబుతున్నాను. మీమీద నాకింకా కోపం పూర్తిగా పోలేదు" అంది ఆ అమ్మాయి.

"పోయినప్పుడు చెప్పు. ఆ బ్యాగు ఇటివ్వు, నువ్వు నమూనాల పెట్టె పట్టుకో" అంది పెద్దక్క. పైనుంచి పసిగుడ్డు ఏడుపు వినిపిస్తోంది. ఆవిడ రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్తుంటే, వెనక ఆ అమ్మాయి పరుగు అందుకుంది.