పెద్దమ్మ తొవ్వకు బాణం గుర్తు

మేం చిన్నగా ఉన్నప్పుడు... గుట్టకు మెట్ల మీది నుంచి పోవడమంటే మా పెద్దమ్మకు నామోషీ. మెట్లు సుట్టాలకు, మనకెందుకు అనేది. మేం వెనక నుంచే ఎక్కేవాళ్ళం.

గుట్ట పేరు చెప్పను. ఎందుకు చెప్పనో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. మన నిజామాబాద్ వాళ్ళు చాలామంది ఎక్కిన గుట్టే... చిన్నదే. పైన గుడి, ముందట మెట్లు, కింద చెరుకు రసం బండ్లు, మిర్చీలు. ఆదివారం వస్తే బోధన్ నుంచి, అవతల మహారాష్ట్ర నుంచి కూడా జనం. ఇంత జనంలో గుట్ట వెనక ఏముందో ఎవరికీ పట్టేది కాదు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. వారమంతా చేట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టేది. ఆదివారం మాత్రం నన్ను, మా అన్నను వెంటేసుకొని విస్తర్లకు మోదుగాకు తేవడానికి గుట్టెక్కేది. చెరుకు తోట గట్టు దాటితే మేకలు తిరిగే సన్నని తొవ్వ... సీతాఫలం పొదలు... తర్వాత రెండు బండల మధ్య ఇరుకు సందు. పెద్దమ్మ ముందు గంపను అవతలికి తోసి, తర్వాత పక్కకు తిరిగి తను దూరేది. సందు దాటితే చెలిమె.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా... చెలిమె అంటే అడుగున నీళ్ళు ఊరే చిన్న గుంత. మాది జొన్నరొట్టె అంత ఉండేది, అంతే. నడి ఎండాకాలంలో కూడా పళ్ళు జివ్వుమనేంత చల్లని నీళ్ళు. తాగాక పైన పలక రాయి మూసి రావాలి. అది పెద్దమ్మ పెట్టిన పద్ధతి.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి... కాళ్ళు కాలుతున్నాయని రెండు పాదాలూ అందులో పెట్టేశాను. పెద్దమ్మ కొట్టలేదు, తిట్టలేదు. కొంగులో కట్టుకొచ్చిన చెంబు తీసి నా చేతికిచ్చింది.

"కాళ్లు పెట్టినవ్ గదా... ఇగ తోడు. మల్ల తేట నీళ్లు ఊరేదాంక నేను గీడనే కూసుంట."

తోడాను. ఏడుస్తూ తోడాను. బురద పోయి, మళ్ళీ నీళ్ళు ఊరి, తేటపడేసరికి మధ్యాహ్నం దాటింది. మొదటి దోసిలి నాతోనే తాగించింది. ఆ తర్వాతే తను తాగింది.

ఇదంతా పోయినేడాది ఇక్కడే రాశాను... గుర్తుందా? కాళ్ళు పెట్టిన సంగతి మాత్రం దాచాను. నాలుగు ఫోటోలు పెట్టాను. ఎటు తిరగాలని ఎవరో అడిగితే, మురిసిపోతూ కామెంట్లలో చెరుకు తోట దగ్గరి నుంచి గుర్తులన్నీ చెప్పాను. నిజానికి ఆ తొవ్వకు మేమెప్పుడూ పేరు పెట్టలేదు. పోస్టు అందంగా ఉండాలని 'పెద్దమ్మ తొవ్వ' అని నేనే పెట్టాను. లైకులు చూసుకుంటూ వారం రోజులు నేల మీద లేను.

పెద్దమ్మకు ఇప్పుడు మోకాళ్ళు పట్టేశాయి, గుట్ట ఎక్కలేదు. ఈమధ్య జ్వరం వచ్చి తగ్గింది కానీ నోటి చేదు పోలేదు. ఏం తిన్నా వద్దంటోంది. ఒక్కటే అడిగింది... చెలిమె నీళ్ళు ఒక సీసాడు.

స్టీలు సీసా పట్టుకొని పోయాను. చెరుకు తోట దాటగానే మొదటి బండ మీద పసుపు రంగుతో పెద్ద బాణం గుర్తు. కింద 'పెద్దమ్మ తొవ్వ' అని రాసి ఉంది. దాని మీద ఎవడో గుట్కా ఉమ్మేశాడు. ఎర్రగా, మా పెద్దమ్మ పేరు మీది నుంచి కారి ఎండిపోయింది.

ఆ తర్వాత ఏం చెప్పమంటారు... సీతాఫలం పొదల నిండా ప్లాస్టిక్ గ్లాసులు, పొట్లాల్లో మిగిలిన బిర్యానీ, దాని మీద ఈగలు. బండల సందులో దూరుతుంటే చెయ్యి పెట్టిన చోటల్లా జిగట. పగిలిన బీరు సీసాల మీద నుంచి చూసుకుంటూ అడుగులేశాను. చెలిమె మీది పలక రాయి తీసి పొయ్యి రాయి చేసుకున్నారు. చెలిమెలో... తిని పారేసిన కోడి బొక్కలు, నూనె తెట్టు, ఉబ్బిపోయిన ఒక డైపరు. ఛీ... అక్కడే పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాను.

వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ దిగాను. దిగి నేనేం చేశానో వినండి. మెట్ల దగ్గర దుకాణంలో నీళ్ళ సీసా కొని, స్టీలు సీసాలో పోసి, తీసుకెళ్ళి పెద్దమ్మకు ఇచ్చాను.

ఒక్క గుక్క నోట్లో పోసుకుంది. పుక్కిలించి బయట ఉమ్మేసింది.

"గిది చెలిమె నీళ్లు గాదు బిడ్డా."

అప్పుడు చెప్పాను. చెత్త, సీసాలు, డైపరు... అన్నీ చెప్పాను, బాణం గుర్తు ఒక్కటి తప్ప. పెద్దమ్మ సీసాలో మిగిలిన నీళ్ళు బయట పారబోసింది.

"ఆళ్లకు తొవ్వ ఎవ్వలు సూపిచ్చిండ్రే?"

"నేనే పెద్దమ్మా."

పొద్దున్నుంచీ లోకమంతా అసహ్యంగా కనబడింది. ఆ మాట నా నోటి నుంచి నేనే విన్నాక, అందరికంటే నేనే ఎక్కువ అసహ్యంగా కనబడ్డాను. పెద్దమ్మ గోడ పట్టుకొని లేచింది. మెల్లగా వంటింట్లోకి పోయి, చెంబు తెచ్చి నా ముందర పెట్టింది.

"గట్లయితే పో. తోడు."

మూడు ఆదివారాలుగా తోడుతున్నాను. రబ్బరు తొడుగులు, గోనె సంచులు, ఆ చెంబు. బాణం గుర్తును రాయితో గీకితే సగమే పోయింది. పాత పోస్టు తీసేశాను, కానీ దాన్ని ఎంతమంది దాచుకున్నారో... నీళ్ళు ఊరుతున్నాయి, వాసన మాత్రం పోలేదు. మొదటి దోసిలి నేనే తాగాలి. ఇంకా ధైర్యం చాలడం లేదు. పెద్దమ్మ సీసా ఖాళీగానే ఉంది.

మీకూ చిన్నప్పుడు ఇట్లాంటి చెలిమె ఒకటి ఉండే ఉంటుంది. మీకు ఎవరు చూపించారో, మొదటి దోసిలి ఎవరు తాగించారో రాయండి, చదువుతాను. ఎటు నుంచి పోవాలో మాత్రం రాయకండి... నేను అడిగినా చెప్పకండి.