రెంటచింతల ఎండలో డిజిటల్ డైరీ

మొన్న మాచర్ల బస్సులో నా పక్కాయన ఫోన్ ఆరిపోతే, ఇంటికి కబురు చేసుకొమ్మని నా ఫోన్ ఇచ్చాను. కాసేపు దానివంక చూసి, "మా ఆవిడ నంబరు నోటికి రాదండీ" అని తిరిగి ఇచ్చేశాడు. నవ్వే అర్హత నాకు లేదు.

ఎనభైల చివర్లో, పురుగుమందుల కంపెనీలో కొత్తగా చేరి మీటింగుకని మద్రాసు వెళ్లినప్పుడు, పేర్లూ నంబర్లూ దాచుకునే, అరచేతిలో ఇమిడే డిజిటల్ డైరీ ఒకటి కొన్నాను. షాపతను రెండు చూపించాడు. ఒకటి ఏ కిరాణా కొట్లోనైనా దొరికే సెల్సుతో నడిచే లావుపాటిది. రెండోది పావలా బిళ్లంత బ్యాటరీలు రెండు వేసుకునే పల్చటిది. ఆ బిళ్లలు పల్నాడులో ఎక్కడ దొరుకుతాయన్న ఆలోచనే రాకుండా, చొక్కా జేబులో ఏది బాగుంటుందో చూసి పల్చటిది తెచ్చుకున్నాను. డిగ్రీ చదివినవాణ్ని కదా.

ఆ ఏడే మా మరదలి పెళ్లి కుదిరింది. పిలుపుల్లో ఒక్క గడప తప్పినా తరాలపాటు మాటలుండని చుట్టరికాలు మావి. రెంటచింతలలో మా మామగారు, అప్పటికింకా నన్ను పూర్తిగా నమ్మని మనిషి, ఆ బాధ్యత నాకూ నా మిషనుకూ అప్పగించారు. ఆయన చెబుతుంటే ఊరూ పేరూ అన్నీ అందులోకి ఎక్కించాను. తీరా బయల్దేరే ముందురోజు తెర మసకబారింది. బ్యాటరీ నీరసించిందని ఆయనతో చెప్పి, మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాను. రెండు బిళ్లలూ ఒకేసారి తీస్తే లోపలున్నదంతా పోతుందని మాత్రం చెప్పలేదు.

లేచేసరికి మామగారు డాబా దిగి వస్తున్నారు. రేడియో సెల్సు నీరసిస్తే ఎండబెట్టడం అందరికీ ఉన్న అలవాటే, పైగా రెంటచింతల ఎండ. డాబా మీద ఎండబెట్టిన బిళ్లలు రెండూ తనే మిషన్లో వేసి, పసిబిడ్డను అందించినట్టు నా చేతికిచ్చారు. ఆ మిషను, అంతా మరిచిపోయి, ఈరోజు తేదీ ఏమిటని నన్నే అడిగింది.

"ఏంది అల్లుడుగారూ, బలమొచ్చిందా?"

ఆ మొహం చూశాక నిజం నోటికి రాలేదు. "చానా వచ్చింది మావయ్యా."

తలుపు చాటున నా మొహం చూసి సంగతి పట్టేసిన మా ఆవిడ నవ్వాపుకుని, "నాన్నా, నువ్వూ వెంటెళ్లు. ఆయనకు ఇళ్లు తెలవవు" అంది.

అలా గురజాల, కారంపూడి, వెల్దుర్తి బస్సుల్లో తిరిగాం. ఆయన ఇల్లు చూపించడం, నేను ఖాళీ మిషను మీటలు నొక్కి గంభీరంగా తలూపడం. కారంపూడిలో వరసకు ఆయనకు అక్కయ్యే ముసలమ్మ, "ఒరేయ్, మేం గుర్తున్నామంట్రా నీకు?" అని ఎత్తిపొడిస్తే, "మా అల్లుడి మిషన్లోనే ఉన్నావక్కా, కావాలంటే చూడు" అని నా చెయ్యి ముందుకు లాగారు. నేను బొటనవేలితో తెర కప్పేశాను.

"కళ్లజోడు లేదులే, కూర్చోండి" అంటూ ఆవిడ మజ్జిగ కోసం లోపలికెళ్లింది. "మా అల్లుడు" అన్న మాట ఆయన నోట వినడం నాకదే మొదలు.

ఒక్క గడపా తప్పలేదు.

ఈమధ్య మా అబ్బాయి పెళ్లికి ఫోన్లో ఒక్క నొక్కుతో అందరికీ పిలుపులు వెళ్లాయి. మరిచిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. ఇంటికొచ్చి ఎందుకు పిలవలేదని అలిగినవాళ్లూ ఒక్కరూ లేరు. ఆ రెండోదే నాకింకా మింగుడుపడడం లేదు.