తాళజోడు హరిబాబు

కూచిపూడిలో మృదంగం బసవయ్య గారి అబ్బాయంటే హరిబాబును అందరూ గుర్తుపడతారు. చిన్నప్పుడు భద్రమ్మ గారి దగ్గర నాట్యం నేర్చుకున్నాడు. తకధిమి పలుకుల జతి ఎంత చిక్కుదైనా నాలుక మీద నిలిచేది గానీ కాళ్ళకు దిగేది కాదు. "నోటికొచ్చింది కాలికి రాదేంట్రా నీకు?" అని ఆవిడ విసుక్కుంటే తోటి పిల్లలు నవ్వేవాళ్ళు. చివరికి నాట్యం వదిలేసి ఇంజనీరింగ్ చదివాడు. విజయవాడలో కొన్నేళ్ళు వేరేవాళ్ళ దగ్గర పనిచేసి, మొగల్రాజపురంలో ఒక గది తీసుకుని సొంతంగా తాళజోడు అనే యాప్ తయారు చేశాడు. ఇంట్లో సాధన చేసుకునే పిల్లలకు ఆ యాప్ తాళం వేస్తూ జతి పలుకుతుంది.

ఆ జతులన్నీ హరిబాబే యాప్ కోడులో కూర్చాడు. ఏ టీచరుకు కొత్త జతి కావాలన్నా అతనికే ఫోన్ చెయ్యాలి. అతను దాన్ని రాసి, ఆండ్రాయిడ్‌కొకటి, ఐఫోన్‌కొకటి కొత్త వెర్షన్లు కట్టి, యాప్ స్టోర్ల అనుమతుల కోసం కాచుక్కూర్చునేవాడు. చల్లపల్లి నుంచో అవనిగడ్డ నుంచో ఎవరో ఒకరు "హరిబాబు గారూ, మా జతి ఎప్పుడు పెడతారండీ?" అని బతిమాలుతుంటే పైకి విసుక్కునేవాడు. లోపల మాత్రం పాయసం తాగినట్టుండేది. వేదిక మీద దక్కని పెద్దరికం అక్కడ దక్కింది.

పని పెరిగాక సాయానికి పద్మశ్రీని అతనే తెచ్చుకున్నాడు. బందరు పక్కన గిలకలదిండిలో చేపల వ్యాపారం చేసే గంగారత్నం కూతురు. తాళం గురించి ఓనమాలు తెలియవు. చేరిన కొత్తలోనే అడిగింది.

"ప్రతి జతికీ యాప్ మొత్తం మళ్ళీ కట్టడం ఎందుకండీ? లోపల ఓ చిన్న స్క్రిప్ట్ ఇంజన్ పెడదాం. ఏ పలుకు, ఏ నడక, ఎన్నిసార్లు అని టీచర్లే నాలుగు లైన్లు రాసుకుంటారు. ఇంజన్ అది చదివి వాయించేస్తుంది. ఏ ఫోనుకైనా అదే రాత."

"టీచర్లు రాస్తారా? వాట్సాప్ మెసేజే సరిగ్గా కొట్టలేరు."

"రాయకపోతే అప్పుడు చూద్దాంలెండి."

రాశారు. ఫోన్లు ఆ తర్వాతా వచ్చేవి గానీ, "పద్మశ్రీ గారున్నారాండీ?" అని. ఒకావిడైతే "ఇప్పుడు ప్రాణం హాయిగా ఉందండీ, ఎవర్నీ దేబిరించక్కర్లేదు" అంది. హరిబాబు నవ్వుతూనే ఫోను అందించాడు. ఆ పూట అన్నం సయించలేదు.

పద్మశ్రీ మంచిపిల్ల కావడం అతనికి మరీ కంటగింపు. మిడిసిపడితే తిట్టుకోవడానికైనా ఉండేది. ఆ పిల్లేమో ఇంటికెళ్ళినప్పుడల్లా తొక్కుడు లడ్డు తెచ్చిపెట్టేది.

ఎలాగైనా ఆ ఇంజన్ను పడగొట్టాలనుకున్నాడు. ముగింపు లేని జతి ఒకటి రాసి పెట్టాడు. యాప్ అందులోనే తిరిగి తిరిగి బిగుసుకుపోయింది. పద్మశ్రీ వెంటనే హద్దు పెట్టింది, స్క్రిప్టు అంతు లేకుండా తిరిగితే ఇంజనే ఆపేసేటట్టు. "మంచి లోపం పట్టుకున్నారండీ" అంది కూడా. ఆ మెచ్చుకోలు చేదుమాత్రలా దిగింది.

అప్పుడు తన విద్యంతా బయటికి తీశాడు. నాలుగు అక్షరాల చతురస్రంలో మొదలై ఐదు అక్షరాల ఖండానికి, ఖండం నుంచి ఏడు అక్షరాల మిశ్రానికి, అక్కణ్ణుంచి తొమ్మిది అక్షరాల సంకీర్ణానికి నడక మారుతూ పోయే జతి కట్టాడు. ఐఫోన్లో చక్కగా పలికింది. చవక ఆండ్రాయిడ్‌లో మాత్రం తాళం వెంట్రుకవాసి వెనకబడి, పోనుపోను జారిపోయింది. హరిబాబుకు పండగైంది. ఆ సంగతి పద్మశ్రీకి చెప్పలేదు. ఆ చవక ఫోను జేబులో వేసుకుని, భద్రమ్మ గారికి కొత్త యాప్ చూపిద్దామని పద్మశ్రీని కూచిపూడి తీసుకెళ్ళాడు.

భద్రమ్మ గారు కళ్ళు మూసుకుని విన్నారు. మిశ్రం దగ్గర తాళం తడబడింది. పద్మశ్రీ ముఖం పాలిపోయింది.

"యంత్రం కట్టేది అంతేనండి అమ్మగారూ. మనిషి చేత్తో కూర్చింది వేరు," అన్నాడు హరిబాబు, జాలి నటిస్తూ.

"అది తర్వాత. ఈ జతి ఎవర్దిరా?"

పద్మశ్రీ ఫోన్లో చూసి, "హరిబాబు గారిదేనండీ. పైన పేరుంది," అంది.

"నీదా? ఇన్నాళ్ళూ అందరి జతులూ కూర్చావు, నీదొక్కటీ వినిపించలేదేంరా?" ఆవిడ జతిని నోటితో చెప్పుకుంటూ మిశ్రం దగ్గర ఆగి మళ్ళీ అంది. "ఇది మా పిల్లలకి నేర్పుతాను. అమ్మాయ్, ఆ తాళం సరిచేసి పంపు."

తిరుగు బస్సులో పద్మశ్రీయే కారణం పట్టేసింది. ఏ దెబ్బకు ఆ దెబ్బ అప్పటికప్పుడు ఇంజన్ లెక్కకడుతోంది, నెమ్మది ఫోన్లో అది అందుకోలేకపోతోంది. జతి మొదలవకముందే లెక్కంతా కట్టించి ఫోన్లో ధ్వని పలికించే భాగానికి అప్పజెప్పాలి. అది చెప్పి, అడిగింది.

"మీకు ముందే తెలుసాండీ, జారుతుందని?"

"తెలుసు," అన్నాడు కిటికీలోంచి చూస్తూ.

"ఆఫీసులోనే చెప్పుండాల్సిందండీ," అని ఊరుకుంది.

తాళం సరిచేశాక, కూచిపూడిలో జరిగిన ప్రదర్శనలో భద్రమ్మ గారి పిల్లలు ఆ జతికి ఆడారు. మైకులో హరిబాబు పేరు చదివారు. తండ్రి బసవయ్య గారు ముందు వరసలో కూర్చుని తొడ మీద తాళం వేశారు. అతని గుండె నిండింది. బయటికొస్తుంటే ఎవరో తల్లి పక్కావిడతో, "పద్మశ్రీ గారి యాప్‌లో ఉందంట, దించుకోండి," అంటోంది. నిండిన గుండెలో ముల్లు దిగింది.

అప్పట్నుంచి అతను జతులు కడుతూనే ఉన్నాడు, ఆ ఇంజన్ మీదే. ఒకరోజు పద్మశ్రీ, "నాకూ కాస్త తాళం నేర్పుతారాండీ?" అని అడిగింది. తీరిక లేదన్నాడు. కొన్నాళ్ళకు ఆమె స్క్రీన్ వైపు చూస్తూ బల్ల మీద వేళ్ళతో ఖండం వేస్తుంటే విన్నాడు.

"ఎవరు నేర్పారు?"

"భద్రమ్మ గారండీ. ఆదివారాలు ఫోన్లో చెబుతున్నారు."

హరిబాబు తన పని చేసుకుంటున్నట్టు తలవంచుకుని, ఎక్కడ తప్పుతుందా అని చెవి ఒగ్గి వింటూ కూర్చున్నాడు. ఆమె ఎక్కడా తప్పలేదు.